పడుకున్న పెట్టెలు

ఆ బడిలో బెత్తం పట్టని మాస్టారు ఆయనొక్కడే. ఆ సంగతి ఆయన చెప్పుకోనక్కర్లేదు, పిల్లల తల్లిదండ్రులే వీధిలో చెప్పుకుంటారు. రెండో తరగతి గది ముందు నుంచి ఎప్పుడు వెళ్ళినా నవ్వులే వినిపిస్తాయి. పక్క గదిలో మూడో తరగతి చెప్పే టీచరమ్మకు ఆ నవ్వులంటే ఒళ్ళు మంట.

“లోపల పాఠం చెబుతున్నారా, సర్కస్ ఆడిస్తున్నారా మాస్టారూ?” అని దెప్పుతుంది.

“టిక్కెట్టు లేదు మేడం, మీరూ వచ్చి కూర్చోవచ్చు” అంటాడాయన.

నవ్వించడం ఆయనకు పుట్టుకతో వచ్చిన విద్య కాదు. పెద్ద ఉద్యోగాల పరీక్షలు రాసి రాసి, ఒక్కటీ అందక, వయసు మీరిపోతుంటే ఈ బడిలో తేలాడు. మొదటి రోజు పిల్లలు చెవులు చిల్లులు పడేలా గోల చేశారు. ఆయన అరిచాడు, బల్ల మీద చరిచాడు, బతిమాలాడు. ఎవడూ వినలేదు. గొంతు బొంగురుపోయి, ఏడుపొక్కటే తక్కువగా నిలబడి ఉన్నప్పుడు, అందరికంటే గట్టిగా అరుస్తున్న ఒక బుడంకాయను చూసి, “ఒరేయ్ లౌడ్‌స్పీకరూ, నీ తీగ ఎక్కడుందో చెప్పరా, పీకేస్తాను” అన్నాడు. గది గొల్లుమంది. తర్వాత ఒక్కసారిగా సద్దుమణిగింది. ఇంకేమంటాడా అని పిల్లలందరూ ఆయన నోటివంకే చూస్తూ కూర్చున్నారు. జీవితంలో మొదటిసారి తన మాట కోసం ఎవరో ఎదురుచూశారు. ఆ రుచి మరిగాక మనిషి ఊరికే ఉంటాడా?

అప్పటి నుంచి ఏటా బడి తెరవగానే ఆయన చేసే మొదటి పని పిల్లలకు పేర్లు పెట్టడం. కాసేపు మాట్లాడించి, నడిపించి, ఏదో ఒకటి పట్టుకుంటాడు. ఊళ్ళో కబుర్లన్నీ మోసుకొచ్చే పిల్ల రేడియో. ఎప్పుడూ మొహం ముడుచుకుని కూర్చునే పిల్లాడు తాతగారు. గబగబా నమిలేవాడు ఉడుత. హాజరు కూడా ఆ పేర్లతోనే.

“రేడియో!”

“పలుకుతున్నా సార్!”

“తాతగారూ!”

“ఉన్నానయ్యా” అనాలి తాతగారు, దగ్గుతూ. అలా అనకపోతే హాజరు పడదు.

పేరు రాని పిల్లలు బెంగపెట్టుకునేవాళ్ళు. “నాకింకా పెట్టలేదు సార్” అని ఏడ్చినవాళ్ళున్నారు. ఆయన వాళ్ళ తల నిమిరి, “నీది ఆలోచిస్తున్నానమ్మా, గొప్ప పేరు పెట్టాలిగా” అనేవాడు. ఆ మాట అంటున్నప్పుడు తానొక పెద్ద దాతలా అనిపించేది ఆయనకి.

ఆ ఏడు చాలాకాలం పేరు రాకుండా మిగిలిపోయింది ఒకే ఒక పిల్ల. కిటికీ పక్కన కూర్చునేది. పుల్లలాంటి చేతులు, వాటికి ఎవరివో పెద్దవాళ్ళ చొక్కా చేతులు మడిచి తొడిగినట్టుండేవి. తనూ నోరు విప్పి అడగలేదు, ఆయనకూ పట్టుకోవడానికి ఏమీ దొరకలేదు. పాఠం జరుగుతున్నంతసేపూ వేళ్ళకు ఎండిపోయిన జిగురు తొక్కను గోటితో వలుచుకుంటూ ఉండేది. అది ఆయన చూశాడు. చాలాసార్లు చూశాడు. వలిచిన తొక్కలు కింద పడేయొద్దని ఒకసారి కసిరాడు కూడా. ఆ జిగురు ఎక్కడిది అని మాత్రం అడగలేదు.

ఆకారాల పాఠం ఆయనకు ఇష్టమైన పాఠం. పుస్తకంలో సమతల ఆకారాలు, ఘనాకారాలు అని ఉంటుంది. పిల్లల నోరు తిరగని మాటలు. ఆయన వాటిని పక్కనపెట్టి తన మాటల్లో చెప్పేవాడు. “లోకంలో ఆకారాలు రెండు రకాలర్రా. పడుకునేవి, లేచి కూర్చునేవి. కాగితం మీద గీసిన గుండ్రం పడుకుంటుంది. బంతి లేచి కూర్చుంటుంది. చేత్తో పట్టుకుంటే గుప్పిట నిండిందా, లేచి కూర్చున్నది. వేళ్ళు ఒకదానికొకటి తగిలిపోతున్నాయా, పడుకున్నది. అంతే!”

ఆ రోజు ఇంటి దగ్గర నుంచి సంచి నిండా సరంజామా తెచ్చాడు. బంతి, పాల డబ్బా, పాచిక, బూట్ల పెట్టె, కత్తిరించిన కాగితం ముక్కలు. గది మధ్యలో బెంచీలు జరిపించి నేల మీద సుద్దతో రెండు పెద్ద గళ్ళు గీశాడు. ఒకటి పడుకునేవాళ్ళ ఇల్లు, ఇంకొకటి కూర్చునేవాళ్ళ ఇల్లు. ఒక్కొక్కరూ వచ్చి సంచిలో చెయ్యి పెట్టాలి, వచ్చినదాన్ని దాని ఇంట్లో దింపి రావాలి. తాతగారు పాచికను కూర్చోబెట్టి వచ్చాడు. రేడియో కాగితం త్రికోణాన్ని పడుకోబెట్టి, “నిద్రపో బంగారూ” అని జోకొట్టి మరీ వచ్చింది. గది ఊగిపోతోంది. హెడ్‌మేడం అటుగా వెళ్తూ ఆ సందడికి గుమ్మంలో ఆగి, తలుపుకు ఆనుకుని నవ్వుతూ నిలబడింది. ఆయనకు ఇంకా ఊపొచ్చింది.

కిటికీ పక్క పిల్లకు బూట్ల పెట్టె వచ్చింది. దాన్ని రెండు చేతులతో పట్టుకుని గళ్ళ మధ్య నిలబడి అటూ ఇటూ చూసింది. అంచులు తడిమింది. మూత కింద మడతను బొటనవేలితో నొక్కి చూసింది. తర్వాత తీసుకెళ్ళి పడుకునేవాళ్ళ ఇంట్లో పెట్టింది.

“అదేమిటమ్మా?” అన్నాడు మాస్టారు.

“పెట్టె సార్.”

“పెట్టె పడుకుంటుందా?”

“పడుకుంటుంది సార్.”

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. మాస్టారు నడుం మీద చేతులు పెట్టుకుని గుమ్మం వైపు ఒక చూపు చూసి, “ఎలా పడుకుంటుందో చెప్పు తల్లీ, మేమూ నేర్చుకుంటాం” అన్నాడు.

ఆ పిల్ల కొంచెం ఆలోచించింది. “మా ఇంట్లో పెట్టెలన్నీ పడుకునే ఉంటాయి సార్. దీన్ని ఎవరో లేపారు.”

గది గొల్లుమంది. నిజానికి ఆ మాట దగ్గర ఆగి చూడాల్సింది. ఎనిమిదేళ్ళు కూడా నిండని పిల్ల ‘దీన్ని ఎవరో లేపారు’ అన్నదంటే అందులో ఏదో ఉండి ఉండాలి. కానీ గుమ్మంలో హెడ్‌మేడం ఉంది. గదినిండా నవ్వుంది. ఆ నవ్వు మీద ఇంకో నవ్వు పేర్చడం ఆయనకు అలవాటైపోయిన పని.

“ఓహో! మీ ఇంట్లో పెట్టెలే కాదు, నువ్వూ అంతేగా! ఎదురుగా చూస్తే కనిపిస్తావు, పక్కకు తిరిగావంటే మాయమే! చూశారర్రా, ఇన్నాళ్ళకు దొరికింది ఈ అమ్మాయికి పేరు. అట్టముక్క!”

పిల్లలు బెంచీలు చరిచారు. హెడ్‌మేడం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతూ వెళ్ళిపోయింది. ఆ పిల్ల కూడా నవ్వింది. నవ్విందనే ఆయన చాలా రోజులు తనకు తాను చెప్పుకున్నాడు. ఆ పెట్టెను తీసి అవతలి ఇంట్లో పెట్టడానికి ఆయన వంగితే, ఆ పిల్ల అప్పటికే దాన్ని మళ్ళీ చేతిలోకి తీసుకుని ఉంది. ఆయన లాగాడు. వెంటనే వదల్లేదు. కాస్త బిగించి పట్టుకుని, తర్వాత వదిలింది.

పేరు బాగా అతికింది. ఆయన పెట్టిన పేర్లలో అంత బాగా అతికింది ఇంకొకటి లేదు. మర్నాటికి మూడో తరగతికి పాకింది, తర్వాత బడి గేటు దాటి వీధిలోకి వెళ్ళింది. వెనక నుంచి వచ్చి, “పక్కకు తిరగవే, మాయమైపోతావేమో చూద్దాం” అని భుజాలు పట్టి తిప్పే ఆట ఒకటి పుట్టింది. టీచర్ల గదిలో కూడా, “మీ అట్టముక్క ఈ రోజు వచ్చిందా మాస్టారూ?” అని అడిగేవాళ్ళు. ఆయనకు లోపల ఏదో గుచ్చుకునేది. పైకి మాత్రం, “వచ్చింది, కిటికీలోంచి గాలికి కొట్టుకుపోకుండా బరువు పెట్టి వచ్చా” అని ఇంకొకటి వదిలేవాడు. నోటికి అలవాటు అలాంటిది.

హాజరు పిలిస్తే ఆ పిల్ల చెయ్యెత్తేది, గొంతు వచ్చేది కాదు. ప్రశ్న అడిగితే లేచి నిలబడేది, అంతే. కొన్నాళ్ళకు రావడమే మానేసింది. పిల్లలు జ్వరాలని, ఊళ్ళని మానేస్తూనే ఉంటారు కాబట్టి ఆయన పట్టించుకోలేదు. అబద్ధమెందుకు, కిటికీ పక్క చోటు ఖాళీగా ఉంటే ఆయనకు తేలిగ్గా ఉండేది.

ఒక ఉదయం హాజరు పిలుస్తూ అలవాటుగా, “అట్టముక్క!” అన్నాడు.

“ఇక రాదంట సార్” అంది రేడియో లేచి నిలబడి.

“ఎవరు చెప్పారే?”

“నేనే చూశా సార్. కుళాయి దగ్గర పిల్లలు వాళ్ళమ్మను ‘అట్టముక్కమ్మా, అట్టముక్కమ్మా’ అన్నారు సార్. ఆవిడ బకెట్ అక్కడే వదిలేసి ఏడ్చుకుంటూ ఇంట్లోకి పోయింది. ఇంక బడీ వద్దు, ఏమీ వద్దు, ఇంట్లో పని చేసుకో అందంట పిల్లని.”

అట్టముక్కమ్మ అనగానే గది మళ్ళీ నవ్వింది. ఆయన నవ్వలేదు. పిల్లలు ఆయన మొహం చూసి, ఈ సారి నవ్వాలో వద్దో తెలియక ఒకరినొకరు చూసుకున్నారు.

సాయంత్రం ఇంటికెళ్ళి భార్యకు చెప్పాడు. ఆమె ఆస్పత్రిలో రక్తపరీక్షలు చేస్తుంది. పొద్దంతా జనం చేతుల్లో సూదులు గుచ్చి వస్తుంది కాబట్టి ఇంట్లో మెత్తగా మాట్లాడే ఓపిక ఉండదు. ఉల్లిపాయలు తరుగుతూ అంతా విని, ఒకటే అడిగింది.

“ఆ పిల్ల అసలు పేరేంటి?”

ఆయన నోరు తెరిచాడు. పేరు రాలేదు. హాజరు పట్టీలో ఆ వరస ఎక్కడుందో గుర్తుంది, సిరా రంగు గుర్తుంది. పేరు మాత్రం రాలేదు. తాతగారి పేరు అడిగినా, రేడియో పేరు అడిగినా ఇదే గతి అని అప్పుడు తెలిసింది.

“బాగుంది” అంది ఆమె, కత్తి ఆపకుండా.

“పిల్లలకు ఇష్టమే. వాళ్ళే అడిగి పెట్టించుకుంటారు తెలుసా? నవ్వించడం మానేస్తే నా దగ్గర ఇంకేముంది చెప్పు?”

“పాఠం ఉంటుందేమో, చూసుకోండి” అని ఆమె తరిగినవి పెనంలో వేసింది.

 మామూలుగా అయితే ఆ చురకకు ఇంకో చురక అంటించేవాడు.

మర్నాడు బడి వదిలాక రేడియోను దారి అడిగి ఆ ఇంటికి వెళ్ళాడు. అప్పటికి పట్టీ చూసి పేరు గుర్తుపెట్టుకున్నాడు. దారంతా దాన్ని పెదాల మీద తిప్పుకుంటూ నడిచాడు, పరీక్షకు వెళ్ళే కుర్రాడిలా. సైకిళ్ళ మరమ్మతు కొట్టు పక్కన సన్నని సందు, సందు చివర ఒకే గది. తలుపు తెరిచే ఉంది. గుమ్మంలో నిలబడ్డవాడు అక్కడే ఆగిపోయాడు.

గది నిండా పెట్టెలే. ఒక్కటీ పెట్టెలా లేదు. బల్లపరుపుగా, ఒకదాని మీద ఒకటి, దారాలతో బిగించిన కట్టలు కట్టలుగా గోడ పొడుగునా నడుం ఎత్తు వరకు పేర్చి ఉన్నాయి. బూట్ల పెట్టెలు, మందుల పెట్టెలు, సబ్బుల పెట్టెలు. వాటి మీదే పరుపు చుట్టి పెట్టారు. వాటి మీదే గిన్నెలు బోర్లించారు. మిగిలిన కాస్త చోటులో తల్లి కాళ్ళు ముడుచుకుని కూర్చుని, అట్ట అంచుకు జిగురు రాసి ఇవతలికి తోస్తోంది. ఆ పిల్ల దాన్ని మడత మీద మడిచి, అరచేత్తో నొక్కి, పక్కన పేరుస్తోంది. తల ఎత్తి ఆయన్ని చూసింది. చేతులు ఆగలేదు.

“అయ్యో, సార్ గారా! లేవ్వే, సార్ వస్తే అలాగేనా కూర్చునేది?” అని తల్లి కంగారుగా లేచి, ఒక కట్ట మీద దుమ్ము దులిపి, “కూర్చోండి సార్, ఇది గట్టిదే, ఏం కాదు” అంది.

ఆయన కూర్చున్నాడు. తను కూర్చున్నది పెట్టెల మీద అని తెలుస్తూనే ఉంది. చేతికందిన పెట్టె ఒకటి తీసి, రెండు వైపులా పట్టుకుని నొక్కబోయాడు, అది తెరుచుకుని పెట్టె అవుతుందేమోనని.

“తెరవకండి సార్!”

అరిచింది ఆ పిల్ల. తరగతిలో ఏనాడూ వినిపించని గొంతు. ఆయన ఉలిక్కిపడి చేతులు వెనక్కి తీసుకున్నాడు.

“ఏయ్, సార్ మీద అరుస్తావా!” తల్లి దాని నెత్తిన ఒకటి మొట్టి, ఆయన వైపు తిరిగి నొచ్చుకుంటూ చెప్పింది. “ఏమనుకోకండి సార్. తెరిస్తే మడత వదులైపోతుంది. పెట్టె ఒకసారి తెరిచిందని తెలిస్తే కొట్టువాళ్ళు కట్టంతా వెనక్కి పంపేస్తారు. చిన్నప్పుడు ఇది ఒకటి తెరిచి బొమ్మకు ఇల్లు కట్టింది, ఆ రోజు బాగా కొట్టాను. అప్పట్నుంచి దీనికి భయం. అయినా తెరిచి ఎక్కడ పెట్టుకుంటాం సార్? మీరే చూస్తున్నారుగా, మేం పడుకోవడానికే చోటు లేదు.”

ఆయన చూస్తున్నాడు. ఈ గదిలో పుట్టిన పిల్ల పెట్టె లేచి కూర్చోవడాన్ని ఎక్కడ చూస్తుంది? చూసిన ఒక్కసారీ దెబ్బలు తిన్నది. బళ్ళో బూట్ల పెట్టె చేతికి రాగానే మడత తడిమి, తనకు తెలిసినంతలో సరిగ్గానే చెప్పింది. ఆయన చెప్పిన సూత్రమే ఆయనకు అప్పజెప్పింది.

చెప్పాల్సిన మాట గొంతు దాకా వచ్చింది. అంతలో తల్లి చేతులు కట్టుకుని నిలబడింది.

“మా పిల్లే ఏదో పిచ్చి సమాధానం చెప్పిందట కదా సార్. ఇంట్లో చెప్పేవాళ్ళు లేరు, నాకు చదువు రాదు. మీరు నలుగురిలో ఒక మాటంటే అనుంటారు, దాని మంచికేగా. ఈ వీధి పిల్లలు నన్ను అలా పిలిచేసరికి నాకే కోపం ఆగలేదు. మీ మీద కోపం కాదు సార్, దేవుడి మీద ఒట్టు. మీరు ఇంత దూరం వచ్చారు. రేపట్నుంచి పంపిస్తాను. ఏమే, సార్‌కి తప్పయిందని చెప్పు.”

ఆ పిల్ల నేల చూస్తూ, “తప్పయింది సార్” అంది.

“పర్లేదమ్మా” అన్నాడాయన.

సందు దాటాక ఆ మాట ఆయనకు మళ్ళీ వినిపించింది. పర్లేదు అన్నాడు. తప్పు చేసినవాడు తీరిగ్గా కూర్చుని, దెబ్బ తిన్నవాళ్ళను క్షమించి వచ్చాడు. వెనక్కి వెళ్ళాలనుకుని సైకిళ్ళ కొట్టు దగ్గర ఆగాడు. కొట్టువాడు, “ఏం సార్, టైరా?” అని అడిగాడు. కాదని తల ఊపి ఇంటికి నడిచాడు.

మర్నాడు ఆ పిల్ల వచ్చింది. వచ్చి కిటికీ పక్కన కూర్చుంది. మాస్టారి చేతిలో ఒక చదును పెట్టె ఉంది. పొద్దున్నే బూట్ల కొట్టు వాకిట్లో నిలబడి, కొట్టు తెరిచేదాకా ఆగి, అడిగి తెచ్చుకున్నాడు. అంతా మనసులో అనుకుని వచ్చాడు. ఆ పిల్లను పిలుస్తాడు. బళ్ళో ఎవరూ కొట్టరు, తెరువు అంటాడు. అందరూ చూస్తుండగా పడుకున్న పెట్టె ఆ చేతుల్లో లేచి కూర్చుంటుంది. పిల్లలు చప్పట్లు కొడతారు. ఆయనకు ప్రాయశ్చిత్తం కూడా ఒక ఆటలాగే తోచింది. మరి ఆయనకు తెలిసిన పని అదొక్కటే కదా.

“ఈ రోజు మనకు పెట్టె సంగతి చెప్పే టీచరు వస్తోంది” అన్నాడు ఉత్సాహంగా, ఆ పిల్లను పేరు పెట్టి పిలిచి.

ఎవరూ కదల్లేదు. పిల్లలు ఎవరా అని తలుపు వైపు చూశారు. మళ్ళీ పిలిచి చేత్తో చూపిస్తే గానీ ఆ పిల్లే లేవలేదు.

“తెరువమ్మా. ఇక్కడ ఏం కాదు. మీ అమ్మ కూడా ఏమీ అనదు.”

ఆ పిల్ల పెట్టెను చూసింది. చేతులు వెనక్కి పెట్టుకుంది.

“నాకు రాదు సార్.”

“వస్తుందమ్మా. రోజూ చేసేవేగా.”

“మేం పడుకోబెట్టడమే సార్. లేపడం రాదు.”

గది అంచుల్లో నవ్వు మొదలైంది. ఆయన కంగారుగా, “ఒక్కసారి నొక్కు, అంతే, నొక్కు” అని పెట్టెను ఆ చేతుల్లో కుక్కబోయాడు. ఆ పిల్ల ఒక అడుగు వెనక్కి వేసింది.

“అట్టముక్కకి అట్టపెట్టె రాదంట సార్!” అంది రేడియో.

బెంచీలు దద్దరిల్లాయి. నడుం మీద చేతులు, గుమ్మం వైపు ఒక చూపు, చివరి మాట మీద విరుపు. ఆయనవన్నీ రేడియో దింపేసింది. ఆయన తన నవ్వును బయటి నుంచి మొదటిసారి చూశాడు. అది ఇలా ఉంటుందని తెలియదు.

“ఆపండి” అన్నాడు. “వినండర్రా. ఆ రోజు ఈ అమ్మాయి చెప్పింది తప్పు కాదు. వాళ్ళ ఇంట్లో పెట్టెలు నిజంగానే పడుకుని ఉంటాయి. వాళ్ళు చేస్తారు, కొట్టువాళ్ళు లేపుతారు. నేను అడక్కుండా వెక్కిరించాను. నాదే తప్పు.”

పిల్లలు నవ్వారు.

సార్ మొహం అంత గంభీరంగా పెట్టాడంటే వెనకాల పెద్ద జోకు వస్తోందని వాళ్ళ లెక్క. ఎన్నాళ్ళుగానో ఆయనే నేర్పిన లెక్క. తాతగారు కూడా ముందుకు వంగి, మెరిసే కళ్ళతో కాచుకుని కూర్చున్నాడు.

“నిజంగానే చెబుతున్నాను. ఆ పేరు పెట్టడం నా తప్పు.”

ఇంకా గట్టిగా నవ్వారు. “ఉన్నానయ్యా!” అని తాతగారు దగ్గాడు. ఒకడు నవ్వు ఆపుకోలేక బెంచీ కిందకు జారాడు.

ఆయన కుర్చీలో కూర్చున్నాడు.  నవ్వు చాలాసేపు తనంతట తనే ఆడి, ఒక్కొక్కరి దగ్గరా ఆరిపోయింది. తర్వాత ఏమొస్తుందో తెలియక పిల్లలు భయపడ్డారు. గదిలో నవ్వనిది ఆ పిల్ల ఒక్కతే. చేతులు ఇంకా వెనకే పెట్టుకుని ఆయన వంక చూస్తోంది. కోపం లేదు. దీన్ని ఎటు మడుస్తారా అన్నట్టు చూస్తోంది.

ఆయన హాజరు పట్టీ తెరిచి అందులో ఉన్న అసలు పేర్లు పిలవడం మొదలుపెట్టాడు. ఉడుత పలకలేదు, అది వాడి పేరేనని పక్కవాడు చెప్పాల్సి వచ్చింది. తాతగారు ఏడుపు మొహం పెట్టాడు. రేడియో లేచి, “మేమేం చేశాం సార్? మా మీద కోపమా?” అని అడిగింది. అప్పటికే దాని కళ్ళు నిండి ఉన్నాయి.

“మీ మీద కాదమ్మా” అన్నాడు. ఆ తర్వాత పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు పాఠం చెప్పాడు. ఏమీ బాగా లేదు. పిల్లలు ఆవలించారు. పక్క గది టీచరమ్మ మధ్యలో ఒకసారి తొంగి చూసి, గది ఖాళీ కాదని నిర్ధారించుకుని వెళ్ళింది.

బడి వదిలారు. గేటు దగ్గర ఆయన ఆ పిల్లను పేరు పెట్టి పిలిచాడు. ఆ పిల్ల నడుస్తూనే ఉంది. రెండోసారి పిలిస్తే ఆగి, ఎవరిని పిలుస్తున్నారా అని చుట్టూ చూసి, తర్వాత తన గుండె మీద వేలు పెట్టుకుంది. నేనా అన్నట్టు.

ఆయన దగ్గరికి వెళ్ళాడు. ఇక్కడ గుమ్మంలో ఎవరూ లేరు, నవ్వేవాళ్ళు లేరు. “నిన్న మీ ఇంట్లో నువ్వు నాకు తప్పయిందని చెప్పావు కదా. అది నేను చెప్పాల్సింది. మీ అమ్మకు కూడా చెప్పాలి. వచ్చి చెబుతాను.”

ఆ పిల్ల తల వంచుకుని వేలి మీద జిగురు తొక్క వలుచుకుంది. కింద పడేయకుండా జేబులో వేసుకుంది. ఎప్పుడో కసిరిన మాట ఇంకా గుర్తుంది కాబోలు.

“రేపు వస్తావా?”

 ఆ పిల్ల తల ఎత్తింది.

“సార్, బంతిని కూడా పడుకోబెట్టొచ్చా?”

గాలి తీసేస్తే అదే పడుకుంటుంది. మాట నాలుక చివరకు వచ్చేసింది. పిల్లలు పడీ పడీ నవ్వే మాట. ఆయన దాన్ని చేదు మాత్రలా మింగాడు.

“అంటే, పెట్టెను పరిచినట్టు పరవొచ్చా అని. మళ్ళీ లేపితే బంతి అయ్యేట్టు” అంది ఆ పిల్ల, తన ప్రశ్న ఆయనకు అర్థం కాలేదేమోనని.

అర్థమైంది. ఇన్నేళ్ళుగా ఆకారాల పాఠం చెబుతూ ఆ మాట ఎప్పుడూ అనుకోలేదాయన. ముక్కలు కాకుండా, ముడతలు పడకుండా బంతిని బల్లపరుపుగా ఎలా పరుస్తావు?

“నాకు తెలియదమ్మా” అన్నాడు. పిల్లల ముందు ఆ మాట ఆయన ఎప్పుడూ అనలేదు. “రేపు నారింజ పండు తెస్తాను. తొక్క వలిచి పరిచి చూద్దాం. నువ్వే వలుద్దువు గానీ.”

“చిరిగిపోతుంది సార్.”

“చిరిగితే చిరుగుతుంది. ఎలా చిరుగుతుందో చూద్దాం.”

“కొట్టరుగా?”

“కొట్టనమ్మా.”

ఆ పిల్ల తల ఊపింది. రేపు వస్తానని అనలేదు. కానీ ఎలా వలవాలో అప్పుడే చూసుకుంటున్నట్టు చేతులు గాలిలో మెల్లగా తిప్పింది.

రోడ్డు అవతల నుంచి రేడియో కేకేసింది. పొద్దున ఏడ్చింది అప్పుడే మర్చిపోయింది, గొంతులో వెక్కిరింత కూడా లేదు, మామూలుగా, స్నేహంగా పిలిచింది.

“అట్టముక్కా! వస్తున్నావా లేదా?”

“ఆఁ, వస్తున్నా!” అని ఆ పిల్ల ఒక్క పిలుపుకే పలికి, సంచి భుజానికి తగిలించుకుని పరిగెత్తింది.

ఆయన గేటు పట్టుకుని నిలబడ్డాడు. రోడ్డు మీద ఇంకా ఇద్దరు ముగ్గురు పిల్లలు కలిశారు. వాళ్ళూ అదే పేరుతో పిలిచారు, ఆ పిల్ల అందరికీ పలికింది. వాళ్ళు మలుపు తిరిగేదాకా వినిపిస్తూనే ఉంది. తర్వాత ఆయన నారింజ పండు కోసం బజారుకు కాకుండా, ముందు సైకిళ్ళ కొట్టు సందు వైపు నడిచాడు.